నెట్‌గల్లావాళ్లు పిల్లను చూసిపోయారు

హైదరాబాదు,
9 జూన్ 2008

కుమారి కావ్య గారికి, ధరూర్, గద్వాల.

నమస్కారం.

ఇంటర్నెట్‌లో గద్వాల చీరలు అమ్మి మా నెట్‌గల్లా ఖాతాలోకి మీరు తీసుకుంటున్న సొమ్ము పరిమితి దాటింది. మీరెవరో రుజువయ్యేవరకు దాన్ని బయటికి తీసుకునే వీలు లేదు. దయచేసి ఈ వివరాలు పంపగలరు: ఇటీవలి ఫొటో, పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఇంటి చిరునామా రుజువు, సంపాదన ఎంత, ఎలా వస్తోంది అన్న సంగతి.

ఇట్లు,
భానుప్రకాశ్,
తనిఖీ అధికారి, నెట్‌గల్లా డాట్ కామ్

తా.క.: ఫొటోలో ముఖం స్పష్టంగా కనిపించాలి. నల్లకళ్లద్దాలు, ముసుగు వద్దు. వివరాలన్నీ మన మధ్యనే ఉంటాయి.

*

ధరూర్,
16 జూన్

చిరంజీవి భానుప్రకాశ్ బాబుకు ధరూర్ నుంచి వెంకట్రాములు దీవించి రాసేది.

నేను కావ్యకు మేనమామను. పిల్ల వనపర్తిల బి.ఎడ్. చదువుతున్నది. అక్కడి నెట్ సెంటర్ల కూసొనే చీరలు అమ్ముతది. మీ ఉత్తరం ఇంటికొచ్చింది. పెద్దోన్ని కాబట్టి నేనే ఇప్పిన.

మొదలు పైసల సంగతే అనుకున్న. తల్లి పుట్టింటి పేరు కాడికొచ్చి ఆగిన. బాబూ, పైసలకు తల్లి పుట్టిల్లు ఎందుకు? పోస్టాఫీసోళ్లు అడగలే, సొసైటీ బ్యాంకోళ్లు అడగలే. మా దిక్కు గిది అడిగేది పిల్లను చేసుకునేటోళ్లే. ఫొటో, పుట్టిన తేది, సంపాదన, అన్నీ గవే. మీరు మొహమాటస్తులు, సూటిగ అడగలేక ఖాతా మీద పెట్టి అడిగినరు. నాకు నచ్చింది.

రాసుకోండి. పిల్ల తల్లి బాలనాగమ్మ నా చెల్లె. పుట్టింటి పేరు మాదే, ఎర్రవల్లి. పుట్టిన తేది జాతకంల ఉన్నది, జత చేస్తున్న. రేషన్ కార్డు నకలు, పిల్ల ఫొటో గూడ పెట్టిన. ఇల్లు అంటరా, ధరూర్ల ఆటోలు ఆగేకాడ దిగి కావ్య ఇల్లు ఏదంటే చిన్నపిల్లలు గూడ చూపిస్తరు. సంపాదన మీ దగ్గరనే ఆగింది కదా, మీకే ఎరుక.

ఒక్కటి మాత్రం జర సోంచాయించండి. చీరలు నేసినోళ్లకు పిల్ల కూలి ఇయ్యాలె. జోగులమ్మ మగ్గం మీద పట్టు ఎక్కక ఉత్తగ ఉన్నది. ఆమెకు మొకం చూపియ్యలేక పిల్ల గద్వాలకే వస్తలేదు. ఇంకో నెల గిట్లనే అయితే నేసేటోళ్లు వేరే సేటుకు పోతరు, పిల్ల వ్యాపారం మూతవడ్తది. లగ్గం మాట ఎట్లన్న కానీ, పైసలు ఆపకండి.

ఇట్లు,
వెంకట్రాములు

తా.క.: మీ తల్లిగారి పుట్టింటి పేరు ఏంది? మీ ఫొటో గూడ పంపండి. నల్లద్దాలు వద్దు.

*

హైదరాబాదు,
24 జూన్

వెంకట్రాములు గారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది ఒట్టి ఖాతా తనిఖీ. నాకు వేరే ఉద్దేశమేదీ లేదు. జాతకం మా నిబంధనల్లో లేదు. పైగా అందులో కావ్యలక్ష్మి, ఖాతాలో కావ్య, రేషన్ కార్డులో కావమ్మ అని ఉంది. ముగ్గురూ ఒకరేనని మీకు తెలుసు. నాకూ అలాగే అనిపిస్తోంది. పైవాళ్లకే అనిపించదు.

జోగులమ్మ గారి మగ్గం సంగతి చదివి బాధ కలిగింది. ఇంకా ఆలస్యం కాకూడదని మా మనిషిని మీ ఇంటికే పంపుతున్నాను. ఆయన కావ్య గారిని ఎదురుగా కూర్చోబెట్టి చూసి, ఫొటోతో పోల్చుకుని, నాలుగు ప్రశ్నలు అడిగి, సంతకం చేయించుకుని వెళ్తారు. బ్యాంకు పాస్‌బుక్కు దగ్గర ఉంచుకోమనండి.

ఇట్లు,
భానుప్రకాశ్

తా.క.: మా అమ్మ పుట్టింటి పేరు నాకు తెలియదు. ఊళ్లోవాళ్లందరి తల్లుల గురించీ అడిగాను గానీ మా అమ్మను అడగాలని ఎప్పుడూ తోచలేదు. మా ఊరు బల్మూర్‌కు ఫోన్ చేసి కనుక్కుంటాను.

*

ధరూర్,
7 జులై

భానుప్రకాశ్ బాబుకు దీవెనలు.

మీ మనిషి వచ్చి పిల్లను చూసిపోయిండు. కబురు చేస్తే కావ్య వనపర్తి నుంచి వచ్చింది. "మామా, గది ఖాతా పని, నా పరువు తీయకు" అన్నది. సిగ్గు. మిర్చిబజ్జీలు, సేమ్యా పాయసం చేసినం. ఆయన పిల్లను చూసిండు, ఫొటో చూసిండు, మళ్ల పిల్లను చూసిండు. నడిచి చూపియ్యమన్లే, పాట పాడమన్లే, సంతకం చేయమన్నడు. గింత మర్యాదస్తుల్ని నేను చూడలే. పాస్‌బుక్కు నకలు సంచిల పెట్టుకొని, పైవాళ్లు చెప్తరని పోయిండు.

ఇగ మా వంతు. మా పక్కచేను మల్లేశ్‌ను హైదరాబాద్ తోలిన. మీ రూము కింద చాయ్ హోటల్ల అడిగిండు, ఇంటి ఓనరును అడిగిండు, మీ ఆఫీసుల మేనేజరును గూడ అడిగిండు. తాగుడు లేదంట. కిరాయి టైముకు కడ్తరంట. పొద్దున కుక్కలకు బిస్కెట్లు వేస్తరంట. ఓనరు మాత్రం మిమ్ముల చంటి అంటడంట. మేనేజరు అప్పటికప్పుడే మీ ఫైలు తెప్పిచ్చుకున్నడంట.

నాకొక్కటి అర్థమైతలేదు బాబూ. మనిషి ఎవరో నలుగురు మనుషుల్నడిగితే తెలుస్తది. మీరు కాగితాన్నే ఎందుకు అడుగుతరు? కాగితానికి మా పిల్ల ఏం ఎరుక? ఊరికే అడుగుతున్న, కోపం చేయకండి.

ఇట్లు,
వెంకట్రాములు

తా.క.: (కావ్య రాత) భానుప్రకాశ్ గారూ, కవరు అంటించమని మామ నా చేతికిచ్చిండు కాబట్టి రాస్తున్నాను. ఆయన మాటలు పట్టించుకోకండి. నేతవాళ్ల కూలి సంగతి ఒక్కటి చూడండి, చాలు. బిస్కెట్ల మాట నిజమేనా?

*

హైదరాబాదు,
21 జులై

పూజ్యులు వెంకట్రాములు గారికి నమస్కారం.

ముందు మంచి కబురు. పాస్‌బుక్కు, సంతకం సరిపోయాయి. కావ్య గారి ఖాతాకు పరిమితి తీసేశారు. సొమ్ము ఈపాటికి బ్యాంకులో పడి ఉంటుంది. జోగులమ్మ గారి మగ్గానికి పట్టు కొనమనండి. బిస్కెట్ల గురించి మీ ఇంట్లో ఎవరైనా అడిగితే, నిజమేనని చెప్పండి.

ఇక నా సంగతి. మల్లేశ్ వచ్చిపోయాక మేనేజరు గారు నా ఫైలు చదివారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో సూర్యభానుప్రకాశం, ఉద్యోగం కాగితంలో భానుప్రకాశ్, రేషన్ కార్డులో చంటి. పేరులో అక్షరం తేడా ఉన్నా సొమ్ము ఆపాలన్న నిబంధన రాసింది నేనే. ఇప్పుడు నేనెవరో తేలేవరకు నా జీతం ఆపారు.

మీ ఇంట్లో బజ్జీలు తిన్న మనిషే నా గదికీ వచ్చాడు. రోజూ ఆఫీసులో నా పక్కన కూర్చుని అన్నం డబ్బా విప్పుకునేవాడు. ఫొటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూశాడు. మల్లేశ్‌కు నా గుట్టంతా చెప్పిన ఓనరు, ఆఫీసువాళ్లనేసరికి పోలీసు కేసనుకుని, నేనెవరో తెలియదన్నాడు. నవ్వులాట కాదండీ, నిజంగా భయమేస్తోంది. అద్దంలో చూసుకుంటే నాకే అనుమానం వస్తోంది.

విచారించి, నన్ను నేనని తేల్చినవారు ఈ లోకంలో మీరొక్కరే. ఒక్కసారి మా ఆఫీసుకు వచ్చి, మేనేజరు గారి ఎదుట సాక్ష్యం చెప్పగలరా? బస్సు చార్జీలు నావి.

ఇట్లు, మీ విధేయుడు,
భానుప్రకాశ్ (నమ్మగలరు)

తా.క.: మీరు అనుకుంటున్న ఆ మాట ముందు కావ్య గారినే అడగండి. ఆమె సరేనన్నా కూడా, నా జీతం వచ్చేదాకా దయచేసి మనం చుట్టాలం కావొద్దు. సాక్షి చుట్టమైతే చెల్లదట.