ఒకే పనికి నాలుగు గుండీలు

చిరంజీవి మేనల్లుడికి,

దర్జీ మావయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నువ్వు పెట్టిచ్చిన కంప్యూటరు తప్ప అందరం క్షేమం.

సోమవారం నా కంటికి ఆపరేషను. మూడు వారాలు కొట్టు మా అమ్మాయి ఒక్కతే చూసుకోవాలి. నా కొలతల పుస్తకం నాకు తప్ప ఎవరికీ అర్థం కాదనే కదా నీ చేత ఈ ప్రోగ్రాం రాయించాను. చొక్కా కొలతలు రాశాక నొక్కే గుండీ మీద 'దాచు' అని ఉంది. ప్యాంటుకి 'భద్రపరచు', గౌనుకి 'ఉంచు', కోటుకి 'సరే'. కంటి డాక్టరుగారి కోటు ఖరీదైనది కదా, ఉత్త 'సరే' ఏం సరిపోతుందని భద్రపరచు కోసం గంటసేపు వెతికాను. విసుగొచ్చి 'వద్దు' నొక్కాను. కొలతలన్నీ పోయాయి. సోమవారం నా కంటి మీద కత్తి పెట్టేది ఆయనే.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. మళ్ళీ కొలవడానికి వెళ్తే ఆయన నడుము రెండంగుళాలు పెరిగింది. భోజనమయ్యాక వెళ్ళడం నాదే తప్పు.

*

మావయ్యకి నమస్కారాలు.

ఆ నాలుగూ ఒకటే. ఒక్కో తెర ఒక్కో నెలలో రాశాను, ఏ రోజు ఏ మాట తోస్తే అది పెట్టాను. కంగారు పడకండి, అన్నీ సరిచేస్తాను.

మీ మేనల్లుడు

తా.క. 'వద్దు', 'వెనక్కి' గుండీలు మాత్రం ఒకటి కావు. ఒకటి చెరిపేస్తుంది. ఏదన్నది చూసి చెప్తాను.

*

చిరంజీవికి,

నువ్విక ఏమీ ముట్టుకోకు. మా అమ్మాయి కాగితం ముక్కల మీద 'చొక్కా దాచు', 'ప్యాంటు దాచు' అని రాసి, ఆ గుండీలు వచ్చే చోట తెర అద్దానికి అతికించింది. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. రేపే ఆపరేషను.

మావయ్య

తా.క. కాగితం కింద నువ్వేం రాసుకున్నా మాకు అనవసరం.

*

మావయ్యకి,

మీ జవాబు ఇంకా అందలేదు. సెలవు పెట్టి మరీ అంతా మార్చేశాను. అన్ని తెరల్లోనూ ఇక 'దాచు' ఒక్కటే. చూడ్డానికి బాగుంటుందని దాన్ని ఎడమవైపుకి జరిపి, పాత చోట 'చెరిపెయ్' పెట్టాను. ఈ మార్పు మీ కంప్యూటరులోకి దానంతటదే వచ్చేస్తుంది.

మీ మేనల్లుడు

తా.క. చెరిపేముందు 'నిజంగానా?' అని అడిగేది. మీరు విసుక్కుంటారని తీసేశాను.

*

చిరంజీవికి,

కట్టు విప్పారు. నా కంటితో మొదట చదివింది నీ ఉత్తరమే. కట్టు ఉన్నా బాగుండేదనిపించింది.

మూడు వారాల్లో మా అమ్మాయి ముప్పై ఎనిమిది మంది కొలతలు దాచింది. కంప్యూటరులో ఒక్కటీ లేదు. నా కొట్టు మునిగిందనే అనుకున్నాను. కానీ బట్టలన్నీ కుట్టి ఇచ్చేసింది, అందరికీ సరిపోయాయి. దాచినా చెరిపినా నీ తెర ఒకలాగే ఖాళీ అవుతుంది కదా, నమ్మకం చాలక ప్రతి కొలతా కొత్త పుస్తకంలో రాసుకుందట. నా పాత పుస్తకం కూడా తిరగరాసింది. నడుముని నేను ఐదు రకాలుగా రాశానట: నడుం, మధ్య, మొలచుట్టు, బెల్టు దగ్గర, ఇక్కడ.

ఏ రోజు ఏ మాట తోస్తే అది రాశానని చెప్పాను.

"బావ కూడా అచ్చం ఇదే రాశాడు నాన్నా," అంది.

ఇక కొట్టు తనకే అప్పజెప్పేస్తున్నాను. చెప్పలేనంత గర్వంగా ఉంది. తను పెట్టిన పేర్ల జాబితా దీనితో పంపుతున్నాను. అందులో ఉన్నట్టే మార్చు.

మావయ్య

తా.క. 'ఇక్కడ' ఒక్కటి ఉండనివ్వమని బతిమాలాను. "నిజంగానా?" అని అడిగి మరీ కొట్టేసింది.