రంగనాయకులు గుంటలో పడ్డ గీత

కోట,
ఫిబ్రవరి 10, సోమవారం.

మాలకొండయ్య మామయ్యకు మేనకోడలు వినీల నమస్కరించి రాస్తున్నది.

పొద్దున్నే పిడుగు పడింది. శుక్రవారం లెక్కల పరీక్షట! గ్రాఫు ప్రశ్న తప్పు చేస్తే నన్ను సూళ్లూరుపేట కథల పోటీకి పంపరట. కథకీ గ్రాఫుకీ ఏం సంబంధమని అడిగితే మా లెక్కల శివశంకర్ సారు నవ్వి, గ్రాఫు కాగితం చేతిలో పెట్టారు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

నేను గీసింది ఇందులో పెట్టాను. మూల నుంచి కుడికి మూడు గళ్లు, అక్కడినుంచి పైకి రెండు. రెండు గీతలూ అక్కడ కలుస్తాయి. దాన్ని ఖండన బిందువు అంటారు. ఎంత బాగుంది మామయ్యా ఆ మాట! చూసి, ఎలా ఉందో రాయి.

కాలు నిలవని,
వినీల

తా.క. హాస్టల్లో ఫోన్లు కుదరవు. రెండు పూటలా వచ్చే పాల ఆటో మస్తానన్న చేతికివ్వు.

---

చిట్టమూరు,
మంగళవారం.

మా వినీలమ్మకు మామ దీవెనలు.

పరీక్ష బాగా రాయి. ఇంత హడావిడిలో కూడా, కొత్త రొయ్యల గుంటకు పైపులు ఎట్టా పోవాల్నో గీసి పంపమని సెలవుల్లో నేనడిగింది మరిచిపోలేదే! మీ అత్తకు చూపించి మురిసిపోయినాను. గడికొక బార లెక్కన గూటాలు పాతి తాళ్లు లాగినాను. నిలువుగీత మనకీ రంగనాయకులుకీ మధ్య గట్టు, అడ్డగీత మన గుంట కింది అంచు. అంతా బాగుంది గానీ, ఒక గూటం గట్టు దాటి ఎడమకు నాలుగు బారలు, రంగనాయకులు గుంటలో పడింది. చదువుకున్న పిల్ల, ఏదో ఆలోచించే పెట్టుంటుందని నీళ్లలో దిగి పాతినాను.

మీ మామ

తా.క. రంగనాయకులు అరుస్తా ఉండాడు. నీ పేరు చెప్పినాను.

---

కోట,
బుధవారం.

మామయ్యా, నీకు దండం!

అది పైపుల ప్లాను కాదు. పరీక్షకు చేసుకున్న లెక్క. వెంటనే గూటాలు పీకెయ్యి. రంగనాయకులు గారిని మన్నించమని అడుగు. "సవినయంగా" అనే మాట వాడు, చాలా అందమైన మాట.

వణుకుతున్న,
వినీల

తా.క. మోటారు కొనలేదు కదా?

---

చిట్టమూరు,
గురువారం పొద్దున.

వినీలమ్మకు మామ రాసేది.

పీకబోతే రంగనాయకులు పీకనీలేదు. "సాక్ష్యం మామా, పంచాయతీలో చూపిస్తా" అని టేపు తెచ్చినాడు. "మీ పిల్లకు గట్టేదో గుంటేదో తెలవదా?" అన్నాడు. నాకు మండింది. "మా పిల్ల లెక్క తప్పదురా, కొలువు!" అన్నాను. మోకాటిలోతు బురదలో ఇద్దరం కొలిచినాం. నువ్వు చెప్పిన కాడ తాళ్లు కలవలా. కుడికి రెండు, పైకి మూడు బారల కాడ కలిసినాయి. మూడుసార్లు కొలిచినాం. నీ కాగితం తిప్పి పంపుతుండా.

తలదించుకున్న మామ

తా.క. రంగనాయకులు పంచాయతీ వద్దన్నాడు. నవ్వినాడు. దానికన్నా పంచాయతీ మేలు.

---

కోట,
గురువారం సాయంత్రం.

మామయ్యకు వినీల సవినయంగా,

ఆయన నవ్వింది న్యాయమే. జవాబు లెక్క కట్టి రాశాను గానీ, గీతలు కలిసింది ఎక్కడో చూసుకోనే లేదు. (0, −4) అంటే పక్కకు కదలకుండా నాలుగు గళ్లు కిందికి దిగాలి. నేను ఎడమకు నడిచాను. రెండో గీత బిందువులన్నీ అలాగే తారుమారు! రేపు హాల్లో కూడా ఇలాగే గీసి, ఆ ప్రశ్నకుండే ఎనిమిది మార్కులూ, పోటీ రెండూ పోగొట్టుకునేదాన్ని. ఇప్పుడు మళ్లీ గీశాను. కలిసినట్టే ఉన్నాయి. కానీ నా కళ్లను నేను నమ్మలేకపోతున్నాను.

నీ మేనకోడలు,
వినీల

తా.క. గూటాలు పీకొద్దు! రేపు పొద్దున్నే రెండో తాడు, అదే రంగనాయకులు గారి గుంటలోకి పోయినదాని గూటాలు మార్చు: ఒకటి మూల నుంచి కుడికి రెండు బారల కాడ, ఇంకొకటి మూల నుంచి నేరుగా కిందికి నాలుగు బారల కాడ. అక్కడ ఎవరి గుంట ఉందో నాకు రాయొద్దు. తాళ్లు ఎక్కడ కలిశాయో రంగనాయకులు గారి చేతే కొలిపించు, ఆయనైతే నా తప్పును దాచరు. ఆ కొలత మస్తానన్న పాలతో పాటు తేవాలి. పరీక్ష పదింటికి.