ఒంటిగంటన్నర పొగ

అక్కా,

ముందే చెప్తున్నా, కోపంతో రాస్తున్నాను. చదివి చింపెయ్యి. బావ కంట పడనివ్వకు.

మీ రాళ్ళ క్రషర్ వెనక మిట్ట మీద ఎవరో మంట పెడుతున్నారు. నాకెలా తెలుసంటావా? నా ఉద్యోగమే అది కదా, ఉపగ్రహం ఫోటోల్లో ఏది మంట పొగో, ఏది ఉత్త దుమ్మో తేల్చి చెప్పడం. దుమ్ము పసుప్పచ్చగా పరుచుకుంటుంది. పొగ నీలంగా తోక సాగదీస్తుంది. ఈ నెలంతా మీ మిట్ట మీద ఆ తోకే చూస్తున్నాను. నీ మొహం చూసి పైవాళ్ళకి చెప్పకుండా తొక్కిపెట్టాను.

తుప్పలు తగలబెట్టే దొంగలు మామూలుగా ఉపగ్రహం దాటిపోయాక అగ్గిపుల్ల గీస్తారు. వీడెవడో గానీ, అది నెత్తిమీదకొచ్చే ఒంటిగంటన్నరకి కాస్త ముందే గీస్తున్నాడు. ఫోటో దిగడానికి తల దువ్వుకుని నిలబడ్డట్టు! నన్ను వెక్కిరిస్తున్నాడా? ఆ టైము మీ ఊళ్ళో ఎవరికి తెలుసు? కిందటిసారి మీ ఇంట్లో అన్నం తింటూ, గొప్పలు పోయి నేనే చెప్పాను. విన్నది మీరిద్దరే. "రోజూ అదే టైమా?" అని బావ గుచ్చిగుచ్చి అడిగాడు. అప్పుడు మురిసిపోయాను. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

బావ లారీ తోలేది ఆ క్రషర్‌కే. యజమాని కన్ను మిట్ట మీద కూడా పడిందని నువ్వే అన్నావు. చెట్లుంటే తవ్వడానికి అనుమతి రాదు, కాలిపోతే వస్తుంది. ఆ పని బావ చేత చేయిస్తున్నాడని నా అనుమానం. అనుమానమేంటిలే, నమ్మకమే. మొన్న ఫోన్ చేస్తే బావ మాట తప్పించి నీకిచ్చేశాడు. నువ్వేమో "అన్నీ బాగానే ఉన్నాయి" అన్నావు. అలా అనే మనిషివా నువ్వు!

సోమవారం రిపోర్టు పంపాలి. కారణం తెలీదని రాస్తే ఫైలు మూసేస్తారు. కావాలని పెట్టిన మంట అని రాస్తే తనిఖీవాళ్ళు దిగుతారు. పేరు అడుగుతారు. బావ ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది. నిజం చెప్పు అక్కా, నీకు దణ్ణం పెడతా.

నీ పిడుగు

*

పిడుగా,

మీ బావని అంత మాట అంటావా? ఆయన ఫోన్ నాకిచ్చేసింది దగ్గు నీకు వినపడకూడదని. రెండు మాటలకోసారి దగ్గుతున్నారు. డాక్టరు దగ్గరికి పదమంటే ఉద్యోగం పోతుందని భయం.

అగ్గిపుల్ల గీసింది నేను. ఆయనకి తెలీదు.

క్రషర్ దుమ్ము గురించి నీతో ఎన్నిసార్లు మొత్తుకున్నాను? "ఫోటోలో అది మామూలు దుమ్మే అక్కా, దుమ్ముకి మావాళ్ళు కదలరు, పొగైతేనే వస్తారు" అన్నావు. సరే, పొగే పెడదాం అనుకున్నాను. తుప్పలు కొట్టి, చుట్టూ నేల చెక్కి, బిందెలతో నీళ్ళు పక్కన పెట్టుకుని మరీ వెలిగించాను. ఎవరూ రారే! నీ కంటికి ఆనడం లేదేమోనని కుప్ప పెంచుకుంటూ పోయాను, గడ్డివామంత అయింది. కనిపిస్తూనే ఉందన్నమాట. నువ్వేమో మా ఆయన్ని అనుమానిస్తూ కూర్చున్నావన్నమాట. ఏడుపొచ్చిందే నాకు.

కారణం తెలీదని రాశావంటే నీతో మాట్లాడను. కావాలని పెట్టిందనే రాయి, నా పేరే రాయి. నన్ను పట్టుకోడానికొచ్చినా పర్లేదు. వచ్చి మా ఇంట్లో కాసేపు ఊపిరి పీలిస్తే చాలు.

అక్క

*

అక్కా,

రాశాను. నీ పేరు రాశాను, నాకేమవుతావో కూడా రాశాను. ఇన్నాళ్ళూ తొక్కిపెట్టినందుకు నాకూ సంజాయిషీ నోటీసు వస్తుంది, రానీ. నీకు జరిమానా తప్పదన్నారు మా ఆఫీసు పెద్దాయన. గాలిలో దుమ్ము కొలిచే మిషను కూడా తనిఖీవాళ్ళ వ్యానులో పెట్టించాను. ఆయన గొణిగారు, నేను వినిపించుకోలేదు.

బుధవారం వస్తున్నాం. అనుమానించానని బావకి నువ్వు చెప్పకు, నేనే చెప్పి తిట్లు తింటాను. మర్నాడు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తాను, కాదంటే ఊరుకోను.

వాళ్ళు నిన్ను ప్రశ్నలడిగేటప్పుడు నన్ను లోపల ఉండనివ్వరు. బెదిరిపోకు. నేను గుమ్మం బయటే ఉంటాను, ఆ దుమ్ములోనే.

నీ చెల్లి