బొట్టు పెట్టిన బేస్‌బాల్ కార్డు

సుజాతా,

రిటైరయ్యాక ఏదో ఒక సరదా పెట్టుకోమని పోరేదానివి. ఇన్నాళ్ళకు ఓపిక చేసుకుని మొదలుపెట్టాను. ఆటగాళ్ళ బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డుల ధరలు పెరిగిపోతున్నాయని విని, ఇంకా ఆలస్యం చేయకుండా సన్నీబ్యాంక్ పేటలోని ఒక షాపులో ఒకటి కొన్నాను. అందులోని ఆటగాడెవరో నాకు తెలియదు. ఇంటికి తెచ్చి దేవుడి ముందుంచి, కారుకీ ఫ్రిజ్‌కీ నువ్వు పెట్టినట్టే మూలన కుంకుమ బొట్టు పెట్టాను.

సాయంత్రం అమ్మాయి వచ్చి చూసి తల పట్టుకుంది.

"నాన్నా, వాట్ హావ్ యూ డన్! మరక పడితే వాల్యూ మొత్తం పోతుంది. నోబడీ విల్ బై ఇట్ నౌ."

వాదించే ఓపిక లేదు. తను తుడవబోతే మాత్రం వద్దన్నాను. బొట్టు పెడితేనే వస్తువు మనింటిదవుతుందనేదానివి కదా. నువ్వు వెళ్ళిపోయాక ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి కొత్త వస్తువు, ఆ పాత కార్డే.