నాయుడి వేన్నీళ్ళు

నవంబరు 17, 1968 – ఆదివారం

బాయిలరు వచ్చింది. చీపురుపల్లి స్టేషన్లో గూడ్సు బండి నుంచి దించి, ఎడ్లు కట్టి, దుంగల మీద దొర్లించుకుంటూ ఊళ్ళోకి తెచ్చారు. జనమంతా రోడ్డు మీదే. ఇనుముకి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ! తన బియ్యం మిల్లు గుమ్మంలో నాయుడు నిలబడి నవ్వుతున్నాడు. ఈ మనిషి ఊరికే నవ్వడు.

నవంబరు 18

నాయుడు పంచాయతీ అరుగు మీద చెప్పింది – పాత చిన్న బాయిలరు తీసేస్తాడట. కొత్తదాని ఆవిరితో పెద్ద డైనమో. ఇప్పటిదాకా బజారు కొట్లకే ఇస్తున్న దీపాలు ఇక మా వీధి దాకా. డైనమో తిప్పాక మిగిలే వేడితో నీళ్ళు కాగి, గొట్టాల్లో మిల్లు పక్క తొట్లలోకి. ఆడవాళ్ళు ధాన్యం తెచ్చి నానబెట్టుకోవచ్చు. వేన్నీళ్ళు ఉచితం.

ఉచితం!

నా రక్తం ఉడికిపోయింది. ఇది నా పుస్తకంలోది. రష్యాలో ఒక పట్టణం. ఒకటే కరెంటు స్టేషను. దాని వేన్నీళ్ళే భూమి కింద గొట్టాల్లో ఇంటింటికీ. బయట మంచు, లోపల పిల్లలు బనీన్లతో ఆడుకుంటూ... పోయిన వేసవిలో మిల్లు పందిట్లో కూలీల కోసం నేనే గొంతు చించుకుని చదివాను. నాయుడు పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

అక్కడ స్టేషను జనానిది. ఇక్కడ బాయిలరు ఎవరిది?

నవంబరు 21

అప్పతో గొడవ. సొంత అక్కతోనే.

అప్ప ఈ వీధివాళ్ళ ధాన్యం ఉడకబెట్టి, ఆరబోసి, దంచి ఉప్పుడు బియ్యం చేసి పెడుతుంది. బియ్యం వాళ్ళకి. తవుడూ నూకలూ ఊకా అప్పకి – అదే కూలి, మా అమ్మ నాటి నుంచీ అదే పద్ధతి. నూకలు మా ఇద్దరి కూడు. తవుడు గేదెకి. ఊక పొయ్యికి. బావ పోయాక ఇల్లు నడుస్తున్నది వాటి మీదే. ఆమె కూడా తొట్ల కబురుకి మురిసిపోతోంది.

"ఎవడూ ఏదీ ఊరికే ఇవ్వడే అప్పా!"

"నాను నీకు ఇన్నాల్ల బట్టీ కూడు ఊరికే పెడతన్నాను కాదేటి?"

కోపంతో చెంబు తన్నాను. దెబ్బ నా కాలికే.

నవంబరు 24

పక్కింటి నీలమ్మత్త, నూతి దగ్గర అందరూ వినేలా – "ఒరే సూర్యం, మద్దేన్నం అయితే సెమట్లు కారి సత్తన్నాం, ఆ రుస్యావోల్ల వేన్నీల్లు మనకేటికిరా? బుగత నాయుడొచ్చి ఈపు కూడా రుద్దుతాడేటి?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వి ఉండాల్సింది. నవ్వలేదు.

నవంబరు 30

గరివిడి నుంచి ఫిట్టరు వచ్చాడు. గొట్టాలు బిగిస్తున్నాడు. మిల్లు వెనక నుంచి వెళ్ళి చూశాను. కొత్త పొయ్యి నోట్లో మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

– దీనికి ఏం వేస్తారు?

– ఊకే.

– మిల్లు ఊక చాలుతుందా?

ఫిట్టరు బీడీ వెలిగించుకున్నాడు. "అది మీ బుగతనడగాల బాబూ."

పాత బాయిలరుకే మిల్లు ఊక అంతంత మాత్రం. మరి ఈ ఊళ్ళో ఇంకా ఊక ఎక్కడ ఉంది? మా ఇళ్ళల్లో. మా పొయ్యిల పక్కన.

డిసెంబరు 1

పట్టుకున్నాను!

తొట్లో నానిన తడి ధాన్యం ఎవరు మళ్ళీ ఇంటికి మోసుకొస్తారు? అక్కడే ఆవిరి పెడతారు, అక్కడే ఆరబోస్తారు, అక్కడే మిల్లు ఆడిస్తారు. బియ్యం మనకి. ఊక, తవుడు, నూకలు నాయుడికి. ఆ ఊకతో బాయిలరు, బాయిలరుతో కరెంటు, ఆ కరెంటు మళ్ళీ మనకే అమ్మకం. నీళ్ళు మాత్రం ఉచితం... దొంగ!

ఇంటింటికీ తిరిగి చెప్పాను. తొట్ల దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దు, మా అప్ప నోటి కూడు పోతుంది, తర్వాత మీదీ పోతుంది అని. అందరూ తలలూపారు. అంత తేలిగ్గా ఊపిన తలల మీద నాకు నమ్మకం లేదు.

డిసెంబరు 4

నాయుడు పిలిపించాడు. టీ తెప్పించాడు. ముట్టలేదు.

"ఏటి సూర్యం, ఇల్లిల్లూ తిరగతన్నావట. తిరుగు, వయసలాంటిది. కానీ కొండల్లో గొడవలు జరగతన్నాయి... ఎర్ర పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయని పోలీసోల్లు అడగతన్నారు. మనోడివి గనక సెప్తన్నాను."

బెదిరింపా? అభిమానమా? రెండూ ఒకే గొంతులో ఎలా పలుకుతాయో ఈ మనిషికి.

ఇంటికొచ్చి పుస్తకాలు నూకల డబ్బాలో దాచాను. సిగ్గేసింది. తీసి గూట్లో పెట్టాను. కాసేపాగి మళ్ళీ డబ్బాలో.

డిసెంబరు 8

ముసురు. తడిసిన ఊక రాజుకోదు. అప్ప పొయ్యి ఊదుతూ దగ్గుతోంది. నా వైపు చూడదు.

డిసెంబరు 9

తొట్లు తెరిచారు. కర్ర పట్టుకుని వెళ్ళాను, అడ్డుకుందామని.

తలలూపిన వాళ్ళంతా అక్కడే. గంపలతో. అందరికంటే ముందు మా అప్ప! నీలమ్మత్త తొట్టి నుంచి పొర్లే వేన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"ఓలమ్మ, పానం లేసొచ్చినాదిరా! ఒరే సూర్యం, రుస్యాలో ముసిలోల్లకి కూడా మోకాల్లు నొప్పులేనా?"

అరిచాను – ఊక ఎవరిదో అడగండి! తవుడు ఎవరిదో అడగండి!

నాయుడికి కోపం రాలేదు. "మిల్లులో ఆడించినాక మిల్లుదే కదా బాబూ. ఎక్కడన్నా అంతే."

అందరికీ వినపడింది. ఇప్పుడు వెనక్కి వస్తారు అనుకున్నాను. అప్ప తలమీది గంప దించి... ధాన్యం తొట్లోకి వంచేసింది.

కర్రతో గొట్టాన్ని కొట్టాను. కర్ర విరిగింది. గొట్టం అలాగే ఉంది. అది చూసి కూడా నవ్వారు.

అదే రోజు, సాయంత్రం

ఎందుకు వెళ్ళావు అని అడిగాను. అప్ప అరచేతులు నా ముఖం ముందు పెట్టింది. రోకలి పట్టి పట్టి – కాయలు కాదు, తోలులా అయిపోయాయి.

"నీ పుస్తకంలో ఆడోల్లు దంచతన్నారేటి?"

"లేదు."

"మరి నన్నెందుకు దంచమంటన్నావు?"

"దంచమనడం లేదే! కానీ మన ఊక..."

"ఊక సంగతి నాకూ ఎరికే. నివ్వు అరిసినావు. నాను అడుగుతాను. దానికీ దీనికీ తేడా ఉన్నాది."

అన్నం పెట్టింది. తినలేదు. ఆకలి వేస్తోంది.

డిసెంబరు 11

వీధి దీపం వెలిగింది. జనం దాని కింద నిలబడి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నేను గోడ వారగా నడిచి వచ్చేశాను.

డిసెంబరు 13

ఇంటికి ధాన్యం తెచ్చేవాళ్ళు లేరు. డబ్బాలో నూకలు అడుగంటాయి, నా పుస్తకాలు బయటపడ్డాయి. తవుడు లేని కుడితిని గేదె ముట్టదు. నేను చెప్పిందే జరిగింది. సంతోషమేదీ?

డిసెంబరు 15

అప్ప అడిగింది. నీలమ్మత్తనీ మరో ఇద్దరినీ వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళిందట. తిరిగొచ్చి చాటలో కాసిని నూకలు పోసుకుని ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. నాయుడు ఒప్పుకున్నాడట! వీధి ధాన్యం మిల్లుకి మోసుకెళ్ళి నానబెట్టి ఆరబోసే పని అప్పది. ఎప్పటిలాగే తవుడు, నూకలు ఆమెవి. ఊకలో సగం ఆమెది, సగం బాయిలరుకి.

"అంతేనా?"

"అంతే." చాట ఒకసారి చెరిగి – "పొయ్యి కాడ ఊక పంచడానికి నమ్మకమైన మనిషి గావాలంట. మీ తమ్ముణ్ణి పంపు అన్నాడు. వాడైతే నాక్కూడా ఎక్కువ పంచడు అని నవ్వినాడు."

"నేను వెళ్ళకపోతే?"

అప్ప రాళ్ళు ఏరుతూనే ఉంది.

"ఎల్లకపోతే నూకలూ లేవు, తవుడూ లేదంట."

నా నోటికి కట్టిన వెల! రేపు వేన్నీళ్ళకి ఇంత అని బోర్డు కట్టినా, దీపానికి రెట్టింపు అడిగినా, పొయ్యి దగ్గర మసి కొట్టుకుని నిలబడి ఉండేది నేనే. అప్పుడు ఎవడు అరుస్తాడు? అరిస్తే ఎవరు వింటారు?

లేక... నేను అక్కడ ఉంటేనే అన్నీ కనపడతాయా? ఆ పొయ్యిని జనం పొయ్యి చేయాలంటే ముందు ఎవడో ఒకడు దాన్ని మండించడం నేర్చుకోవాలి కదా. ఈ ఆలోచన నాదేనా, నాయుడు నా బుర్రలో పెట్టిందా?

డిసెంబరు 16

తెల్లారితే రమ్మన్నాడు. అప్ప వెళ్ళమనలేదు, వద్దనలేదు. మధ్యాహ్నం నా ఖాకీ చొక్కా ఉతికి దండెం మీద ఆరేసింది. మసి పడినా కనపడనిది అదొక్కటే. ఇందాక వెళ్ళి ముట్టుకుని చూశాను. ఇంకా ఆరలేదు.