బాణం కనపడని చోటు

9 జనవరి 2008

మానిటర్ వచ్చింది. ఇరవై నాలుగు అంగుళాలు, వైడ్‌స్క్రీన్. మా ఆయన గుంటూరు నుంచి వేటపాలెం దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. పక్కన కూర్చున్నావిడ అది టీవీయా అని అడిగితే అవునన్నారట. కాదంటే ఇంకో పది ప్రశ్నలొస్తాయని.

పాత పదిహేను అంగుళాల డబ్బా ముందు ఏడేళ్ళు కూర్చున్నాను. చీర కొంగు గ్రాఫ్ గీయాలంటే చారెడు చారెడు ముక్కలే కనపడేవి. నా పని బయటివాళ్ళకి చెప్పినా ఎక్కదు. చీర మీద నేసే ప్రతి పువ్వునీ ముందు కంప్యూటర్లో గడులు గడులుగా నింపాలి. ఒక గడి అంటే ఒక పోగు. ఆ గ్రాఫ్ చూసి అట్టలకి చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద పోగుల్ని లేపే జకార్డ్‌కి ఎక్కిస్తారు. నేనొక గడి వదిలేస్తే మగ్గం కూడా వదిలేస్తుంది, చీర పొడుగునా.

ఇవాళ కొంగు మొత్తం ఒకేసారి చూశాను. నలభై నెమళ్ళు. ఏడుపొచ్చినంత పనైంది. దీని స్టాండ్ పైకీ కిందకీ జరుగుతుంది. స్క్రీన్‌ని నిలువుగా కూడా తిప్పుకోవచ్చు. ఎందుకు తిప్పుతారో తెలీదు గానీ రెండుసార్లు తిప్పి చూసుకున్నాను.

ఈ డైరీ తమ్ముడు ఇలియాస్ ఇచ్చాడు. పురుగుమందుల కంపెనీది. వాడి లారీకి లోడు ఎత్తినవాళ్ళు ఏదో ఒకటి ఊరికే ఇస్తుంటారు. పనికిరానివన్నీ అక్కకే.

12 జనవరి

మౌస్ బాణం మాటిమాటికీ మాయమవుతోంది. ఎడమ పక్క కిందికి వెళ్తే చాలు. మౌస్ గట్టిగా ఊపితే మళ్ళీ ఎక్కడి నుంచో ఊడిపడుతుంది.

13 జనవరి

మౌస్ మార్చాను. అదే తంతు.

19 జనవరి

చెంచయ్య గారు వచ్చారు. నాకు పని ఇచ్చే మాస్టర్ వీవర్. కొత్త గ్రాఫ్‌తో నేసిన మొదటి చీర మంచం మీద పరిచారు. సిద్దికమ్మా, నెమళ్ళని ఒంటికాలి మీద నిలబెట్టావేంటమ్మా, కొత్త ఫ్యాషనా అన్నారు.

నేను ఒక్క నెమలిని తెరంతా పెద్దది చేసి గీస్తాను. దాన్నే నలభైసార్లు వేస్తాను. ఆ అసలు నెమలికే ఎడమ కాలు లేదు. ఎప్పుడు చెరిగిందో తెలీదు. గ్రాఫ్ తెరిచి, అంతా బాగానే ఉందిగా అని ఆయనతోనే వాదించాను. ఆయన వేలు పెట్టి చూపించారు. వేలి వంక చూశాక అప్పుడు కనపడింది. మూడు రోజులు ఆ నెమలి ముందే కూర్చున్నదాన్ని.

కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. అట్టలు మళ్ళీ కొట్టిద్దాంలే అన్నారు. నేను మానిటర్లో ఏదో లోపం ఉందన్నాను. కొత్తదేగా, వెనక్కి ఇచ్చెయ్యమ్మా అన్నారు.

23 జనవరి, ఉదయం 11

గుంటూరు షాపు నుంచి సర్వీస్ అబ్బాయి వచ్చాడు. తెరంతా ఎర్రగా చేశాడు, పచ్చగా చేశాడు, నీలంగా చేశాడు. ఒక్క చుక్క కూడా డెడ్ లేదు మేడమ్ అన్నాడు. బాణాన్ని ఎడమ కింద మూలకి తీసుకెళ్ళి, ఇదుగో ఉందిగా అన్నాడు. నేను తెర మధ్యలో చూస్తున్నాను. లేదన్నాను. ఇదుగో మేడమ్ అని గోటితో కొట్టి చూపించాడు. తల తిప్పి చూస్తే ఉంది.

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నన్ను అదోలా చూశాడు.

అదే రోజు, సాయంత్రం 4

ఇంట్లో ఎవరూ లేరు. అయినా తలుపు గడియ పెట్టాను.

స్క్రీన్‌ని నిలువుగా తిప్పాను. లోపం గాజులో ఉంటే గాజుతో పాటు తిరగాలి కదా. ఎడమ కింద మూల ఇప్పుడు ఎడమ పైకి వచ్చింది. బాణం అక్కడ పెట్టి, తెర మధ్యలో చూశాను. బాణం కనపడుతోంది. హమ్మయ్య అనుకోబోయాను. మెల్లగా కిందకి దించాను. ఎడమ కిందికి రాగానే పోయింది.

మానిటర్ తిరిగింది. ఆ చోటు తిరగలేదు.

24 జనవరి

రాయడానికి చెయ్యి రావట్లేదు.

30 జనవరి

గుంటూరు కంటాసుపత్రి. మా ఆయన వెంట వచ్చారు.

పెద్ద గిన్నె లాంటి మిషన్లో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసి, నడుమ ఉన్న దీపాన్నే చూడాలి. పక్కల్లో ఎక్కడ మెరుపు వచ్చినా బటన్ నొక్కాలి. మిషన్ టిక్కు టిక్కుమంటోంది. కాసేపటికి ప్రతి టిక్కుకీ ఒక మెరుపు ఉంటుందని అర్థమైంది. టిక్కులు చాలా వస్తున్నాయి. మెరుపులు కొన్నే వస్తున్నాయి. భయమేసి, కనపడకపోయినా చప్పుడు విని నొక్కేశాను. పరీక్షలో పక్కవాళ్ళ పేపరు చూసినట్టు. నర్సు పసిగట్టింది. మోసం చేస్తే మీకే నష్టమమ్మా అని మళ్ళీ మొదటి నుంచి చేయించింది.

నీటికాసులు అన్నారు డాక్టరమ్మ. గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందట. నొప్పి ఉండదట. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి, రోజూ చుక్కలు వేసుకోవాలి, జన్మంతా. మామూలుగా అయితే ఇంకో నాలుగైదేళ్ళకి గానీ తెలిసేది కాదు, ఎలా కనిపెట్టావు అని అడిగారు. మానిటర్ కొనుక్కున్నానండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

చూపు లేని చోట నల్లగా కనపడాలి కదా అని అడిగాను. లేదమ్మా, పక్కనున్నదాన్నే తెచ్చి మెదడు ఆ ఖాళీలో నింపేస్తుంది, అందుకే ఎవరికీ తెలీదు అన్నారు. నేను రోజూ చేసే పనే అది. డిజైన్లో ఖాళీ వస్తే పక్క ముక్క కాపీ చేసి అతికిస్తాను.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నారు. అమ్మకి పదేళ్ళుగా చూపు లేదండీ, మిరపకాయల తొడిమలు తీసి తీసి ఆ ఘాటుకి పోయింది అన్నాను. మా ఇంట్లో అందరం ఇదే చెప్పుకుంటాం. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. మిరపకాయలకి చూపు పోదమ్మా అన్నారు. తోడబుట్టినవాళ్ళు ఉన్నారా? తమ్ముడున్నాడు. వెంటనే తీసుకురా. ఏం చేస్తుంటాడు?

వ్యాపారం అన్నాను.

మా ఆయన నా వంక చూశారు. ఇలియాస్ లారీ నడుపుతాడు. పత్తి బేళ్ళు, మిరపకాయల టిక్కీ బస్తాలు, గుంటూరు నుంచి కోయంబత్తూరు దాకా.

31 జనవరి

ఆ అబద్ధం ఎందుకు ఆడానో రాసుకోవాలి. లారీ అన్న మాట నా నోటితో చెబితే, ఆవిడ ముఖం ఎలా మారుతుందో చూడాల్సి వస్తుందని. అంతే. పిరికిదాన్ని.

3 ఫిబ్రవరి

ఇలియాస్‌కి ఫోన్ చేశాను. పగలబడి నవ్వాడు. నీకొస్తే నాకూ రావాలా అక్కా, మనమేమన్నా చొక్కాలు పంచుకున్నామా అన్నాడు. కిలోమీటరు రాయి ఎంత దూరం నుంచైనా చదువుతానన్నాడు. అది కాదురా, మధ్యలో చూపు బాగానే ఉంటుంది, పోయేది పక్కన అన్నాను. చెంచయ్య గారి చీమల రాత నేనూ చదవగలను.

నీ బండి ఎడమ అద్దం పగిలిందన్నావు కదా, ఎలా పగిలింది అని అడిగాను. ఆటోవాడు గుద్దాడట. అంతకుముందు బాడీ గీసుకుపోయిందే? అదీ ఆటోవాడే. ఆటోవాళ్ళంతా ఎడమ పక్క నుంచే దూరి చస్తారు మరి, నన్నేం చెయ్యమంటావు అన్నాడు.



8 ఫిబ్రవరి

మా ఆయనతో గొడవ. ముందు నీ కళ్ళు చూసుకో, వాడి నోటికాడ కూడు లాగకు అన్నారు. డ్రైవర్‌కి కళ్ళు కనపడవన్న మాట బయటకి పొక్కితే, అది నిజమైనా కాకపోయినా, లోడు ఇచ్చేవాడు ఉండడు అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. మరి వాడి ఎడమ పక్కకి స్కూలు పిల్లల ఆటో వస్తే అన్నాను. అన్నం మధ్యలో లేచి చెయ్యి కడిగేసుకున్నారు.

ఈ వారంలో రెండుసార్లు రోడ్డు దాటబోయి వెనక్కి వచ్చేశాను. చూపు నెల కిందట ఎంత ఉందో ఇప్పుడూ అంతే. నెల కిందట మాత్రం చకచకా దాటేసేదాన్ని.

15 ఫిబ్రవరి

పెదకాకాని వెళ్ళాను. అమ్మ ఇలియాస్ దగ్గరే ఉంటుంది. వాడు లోడుకి వెళ్ళాడు. మరదలు నస్రత్ మిల్లు పనికి వెళ్ళింది. అమ్మా నేనే.

నా సంగతి చెప్పాను. దర్గా నుంచి తెచ్చిన ఊదిన నీళ్ళు తాగించింది. మిరపకాయలమ్మా, ఆ ఘాటు మన ఇల్లు వదలదు అంది. నేను ఎప్పుడు ముట్టానమ్మా మిరపకాయలు, చదువుకుంటూ కూర్చున్నదాన్ని అన్నాను.

తర్వాత తనకెలా మొదలైందో చెప్పింది. ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు. ముందు గడపలు పోయాయంట. కాలికి తగిలేదాకా అక్కడ గడప ఉందని తెలిసేది కాదట. ఆ తర్వాత చెంబులు, బకెట్లు. మనుషులు అన్నిటికంటే ఆఖరున పోయారంది.

మీ తమ్ముడు ఇంట్లో నడుస్తుంటే సామాన్లు మోగుతున్నాయే సిద్దికా అంది.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. రెండేళ్ళు దాటిందంది. నిన్న కూడా వాకిట్లో బిందె తన్నాడంట. నస్రత్‌ని తిట్టాడంట, దారిలో పెట్టావని. బిందె రోజూ పెట్టే చోటే ఉందంట, అమ్మకి చప్పుడుని బట్టి తెలుసు. ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. ఎవరికి చెప్పనే, ఆ బండి మీదే కదా ఇంటిల్లిపాదీ తింటున్నాం అంది. చెబితే నిజమైపోతుందేమోనని అల్లాకి కూడా చెప్పుకోలేదంది.

అమ్మని ఏమని తప్పుపట్టను. నేను డాక్టరమ్మకి చెప్పింది మాత్రం ఏమిటి.

16 ఫిబ్రవరి

ఇలియాస్ ఆసుపత్రికి రానన్నాడు. ఈసారి నవ్వలేదు.

22 ఫిబ్రవరి

రానివాణ్ణి ఎత్తుకెళ్ళలేను కదా. మిషన్ ఇంట్లోనే ఉంది.

తెరంతా నల్లగా చేశాను. నడుమ తెల్ల చుక్క ఒకటి. మౌస్ బాణం పెద్దది చేశాను, వేలంత. ఒక కన్ను మూసి, తెరకి దగ్గరగా కూర్చుని, చుక్కనే చూడాలి. బాణం కనపడినప్పుడల్లా చెప్పాలి. పాత డబ్బా మీద ఈ పని అయ్యేది కాదు. అందులో పక్క అనేదే లేదు.

ముందు మా ఆయన మీద చేసి చూశాను. ఉంది, ఉంది, ఉంది, ఇదుగో ఇక్కడ, అదుగో మూలన. ఎక్కడ పెడితే అక్కడ ఉందన్నారు. పావుగంటకి విసుగొచ్చి, ఇందులో ఏముందే, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది అన్నారు. అన్న తర్వాత నాలుక కరుచుకున్నారు.

కుళ్ళు పుట్టింది నాకు. కట్టుకున్నవాడి కళ్ళ మీద కుళ్ళు. ఆయన్ని లేపి నేను కూర్చున్నాను. ఈసారి ఆయన బాణం తిప్పారు. నేను ఉంది అన్నాను, ఉంది అన్నాను, తర్వాత ఊరుకున్నాను. ఊరుకున్న ప్రతిసారీ వెనక ఆయన ఊపిరి వినపడుతోంది. అయ్యాక చాలాసేపు మౌస్ వదల్లేదు. ఇలియాస్‌ని నేను పిలుస్తాను, నువ్వు ఫోన్ చెయ్యకు అన్నారు. బావ పిలిస్తే వాడు కాదనడు.

27 ఫిబ్రవరి

శుక్రవారం వస్తానన్నాడట. చెన్నై లోడు ఉంది, హైవే మీద పోకుండా ఇటు బాపట్ల మీదుగా తిరిగి వచ్చి భోంచేసి వెళ్తాడట. కొత్త మానిటర్లో ఏదో గేమ్ ఉందని చెప్పారట ఈయన. సాదాసీదా మనిషి, అబద్ధం ఆడటానికి చెమటలు పట్టాయి.

రమ్మన్నది మేమే. ఇప్పుడు లోడు బండితో ఆ ఇరుకు రోడ్డు మీద వస్తాడంటే నాకు నిద్ర పట్టట్లేదు.

29 ఫిబ్రవరి, ఉదయం 10.15

పొన్నూరు దాటాడట. బండి నడుపుతూ ఫోన్ చేశాడు. పెట్టెయ్యరా అని అరిచాను.

29 ఫిబ్రవరి, 11.50

వచ్చేశాడు. గుమ్మంలో నా స్టూలు తన్నుకుని లోపలికొచ్చాడు.

29 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1.30

కుడి కన్ను మూయించాను. చుక్కనే చూడరా, బాణం కనపడితే చెప్పు అన్నాను. చిన్నపిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. తల కదపలేదు.

బాణాన్ని తెర చుట్టూ తిప్పాను. మళ్ళీ తిప్పాను. మూడోసారి తిప్పుతుంటే, ఇంకా మొదలెట్టలేదేంటక్కా, నాకు లోడు లేటవుతుంది అన్నాడు.