నాలుగు ఆడపూలు

వెన్నముద్దల బతుకమ్మ
విడీ ఘర్కుల్, సోలాపూర్

రోజూ బీడీల చాట పట్టకముందే అమ్మా నేనూ గుమ్మడి తీగ దగ్గర చేరి, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుతాం. మా ఇద్దరికీ అదే సంబరం. ఈ రోజు వికసించిన నాలుగు ఆడపూలూ పిందెలతో సహా పక్కింటి లచ్చవ్వ బతుకమ్మ మీద కనిపించాయి.

అందరి ముందే అడిగేశాను. "అత్తా, మా గుమ్మడికాయల సుట్టు ఆడుతున్నవా?"

"నాలుగు పూలకు ఫుకట్ లొల్లి ఏందే పోరీ! గౌరమ్మకే గద పెట్టిన. కాలేజీల గిదే నేర్పిండ్రా?" అంది. అందరూ నవ్వారు.

రేపు సద్దుల బతుకమ్మ. గుమ్మడి పువ్వు కోసం ఆమె మళ్లీ వస్తుంది. అంతకుముందే తీగ మీది పూలన్నీ తెంపేయాలని ఉంది. కాయలు పోతే అమ్మ ఏడుస్తుందేమోనని ఆగాను.

ఇప్పుడు అమ్మే వచ్చి, బీడీ ఆకు కోసే కత్తెర నా పక్కన పెట్టింది.

"మొగ్గలు గూడ ఇడ్వకు బిడ్డా. దానికి ఒక్కటి దక్కద్దు."